అసెస్‌మెంట్ గదిలో నలభై నిమిషాలు

మా పాపకి స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలై ఇవాళ్టికి మూడు వారాలు. పాపకి ఆటిజమేమోనని అనుమానం వచ్చిన నాటి నుంచి మొదటి సెషన్ దాకా ఏడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు ఒక్క మనిషి మాట నమ్మడం వల్ల పోయాయి. ఆ కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

ఏడాది నిండేసరికి పాప "అమ్మ", "తాత", "బూచి" అనేది. ఏడాదిన్నర వచ్చేసరికి ఆ మాటలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పిలిస్తే పలికేది కాదు. ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించేది కాదు, నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి నా చేతిని ఆ వస్తువు మీద పెట్టేది. అలా పెడుతున్నప్పుడు నా మొహం వైపు చూసేదే కాదు. ఆ సంగతి నన్ను లోపల తొలిచేది. "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే మాటలొచ్చాయమ్మా" అని అత్తయ్యగారు ధైర్యం చెప్పారు. ఆడపిల్లలకి ఇలాంటివి రావని చుట్టాలన్నారు. ఆటిజం నిర్ధారణ అయినవాళ్ళలో మగపిల్లలు ఎక్కువే, కానీ ఆ నమ్మకం వల్లే ఆడపిల్లల్ని ఆలస్యంగా గుర్తిస్తున్నారని తరవాత తెలిసింది.

టీకాకి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారు ఎం-చాట్ అనే, ఆటిజం లక్షణాలున్నాయేమో చూసే కాగితం చేతిలో పెట్టారు. 16 నుంచి 30 నెలల లోపు పిల్లల కోసం చేసిన 20 ప్రశ్నలు, అవును-కాదు అని టిక్కు పెట్టడమే. ఆటిజం వైపు చూపించే జవాబు ఒక్కోదానికి ఒక్క పాయింటు. మా పాపకి 9 వచ్చింది. 8 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకేమీ ఆగక్కర్లేదు, నేరుగా అసెస్‌మెంటుకి, అంటే ఆటిజం అవునో కాదో తేల్చే పూర్తి పరీక్షకి పంపాలి. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, జల్లెడ మాత్రమేనని ఆయన ఓపిగ్గా చెప్పారు. వినికిడి పరీక్ష పాప నిద్రలో ఉండగా అయిపోయింది, చెవులు బాగున్నాయి.

ఇక ఆ గది.

అక్కడి పేరు రాయను. కాగితం మీద గంటన్నర అసెస్‌మెంట్ అని ఉంది. నలభై నిమిషాల్లో బయటికి పంపించారు. ఆ నలభై నిమిషాల్లో అసెస్‌మెంట్ చేసినావిడ పాప వైపు చూసింది రెండుసార్లు. పాప మూలన కూర్చుని చెక్కముక్కలు రంగుల వారీగా వరస పేరుస్తోంది. ఆవిడ పెన్ను పట్టుకుని నన్ను ప్రశ్నలు వేస్తోంది. ఫోను ఎంతసేపు ఇస్తారు? మీరు ఉద్యోగానికి వెళ్తే పాపని ఎవరు చూస్తారు? ఎత్తుకుని ఆడిస్తారా, పడేసి మీ పని చూసుకుంటారా? కడుపుతో ఉన్నప్పుడు ఏడ్చేవారా? పక్కనే కూర్చున్న మా ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన నేల చూపులు చూస్తూ ఉండిపోయారు. ఆ విషయం మీద ఇంటికొచ్చాక మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది.

"ఇంట్లో ఏ భాష?" అంది. తెలుగు అన్నాను. నాన్నమ్మకి తెలుగు తప్ప ఇంకోటి రాదని కూడా చెప్పాను. "తెలుగు ఆపేయండి. రేపు బడికి ఇంగ్లీషే కావాలి, రెండు భాషలైతే పిల్ల బుర్ర తట్టుకోలేదు. ఇది వర్చువల్ ఆటిజం, ఫోను చూడటం వల్ల వచ్చిందే. మీరు ఉద్యోగం మానేసి, ఫోను దాచేసి, రెండు నెలలు పాపతో ఉండి చూడండి, మాటలు వాటంతట అవే వస్తాయి." రిపోర్టు అడిగితే ఇప్పుడే అవసరం లేదంది. తలుపు తీసి బయట కూర్చున్నవాళ్ళ ముందు నిలబడి, "తల్లి దగ్గర ఉంటే ఇంతదాకా రాదు" అని కూడా అంది. అక్కడున్న అమ్మలందరూ నా వైపు చూశారు. నేను పాపని ఎత్తుకుని మెట్లు దిగాను. చెప్పులు మర్చిపోయిన సంగతి కింద రోడ్డు మీదకి వచ్చాక గానీ తెలియలేదు.

ఆవిడ చెప్పినట్టే చేశాం. నేను సెలవు పెట్టాను. ఫోను బీరువాలోకి పోయింది. ఇంట్లో ఇంగ్లీషు మొదలైంది. పొద్దున లేచింది మొదలు పాపతో ఏదో ఒకటి చెబుతూ తిరిగే అత్తయ్యగారు మౌనంగా అయిపోయారు. "నా మాటలు దానికి చెడు చేస్తాయంటగా" అని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఊరికే జోకొట్టేవారు, జోలపాట పాడేవారు కాదు. పాట లేకపోయేసరికి పాప ఆవిడ నోటి మీద చెయ్యి వేసి తట్టేది. మా ఇంట్లో ఆ రెండు నెలలున్నంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మాటలు రాని పిల్ల చుట్టూ ఉన్న మాటల్ని కూడా తీసేశాం మేము.

రాత్రుళ్ళు నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను. 1943లో లియో కానర్ అనే డాక్టరు పదకొండుమంది పిల్లల గురించి రాసినప్పటి నుంచీ తల్లిదండ్రుల మీద, ముఖ్యంగా తల్లి మీద నింద పడుతూనే ఉంది. తల్లి ప్రేమ చల్లబడి పిల్లలు ఇలా అయ్యారని, ఆవిణ్ణి ఫ్రిజ్‌తో పోల్చి మరీ ఏళ్ళ తరబడి రాశారు. అది తప్పు, ఇది శరీరానికి, మెదడుకి సంబంధించిన విషయమని 1964లో గట్టిగా వాదించిన బెర్నార్డ్ రిమ్లాండ్ కూడా ఒక ఆటిజం బాబుకి తండ్రే. 1977లో కవల పిల్లల మీద వచ్చిన అధ్యయనంతో జన్యువుల పాత్ర బయటపడింది. ఇంత జరిగాక కూడా అదే నింద నా దగ్గరికి ఫోను రూపంలో వచ్చింది. చంటిపిల్లలకి ఫోను తగ్గించడం మంచిదే, మేమూ తగ్గించాం, ఇప్పటికీ అలాగే ఉన్నాం. కానీ తగ్గిస్తే ఆటిజం పోతుందని చెప్పి థెరపీ మొదలవకుండా ఆపడం పాపం. రెండేళ్ళ పిల్లకి రెండు నెలలంటే ఎంతో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తెలిసుండాలి.

రెండోసారి ఒక డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దగ్గరికి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలో కూర్చోలేదు. పాప పక్కన నేల మీద చతికిలబడి సబ్బు బుడగల సీసా తీశారు. ఊదారు, మూత బిగించి పాప ముందు పెట్టి ఊరుకున్నారు. పాప ఏం చేస్తుందా అని చూస్తున్నారు. పాప ఆయన చెయ్యి పట్టుకుని సీసా మీద పెట్టింది. మళ్ళీ ఊదారు, మళ్ళీ ఆగారు. గంటంపావు అలాగే సాగింది. నేను ఇంట్లో తీసి పట్టుకెళ్ళిన వీడియోలు కూడా చూశారు. (ఇది మాత్రం అందరూ చేయండి. పిలిస్తే పలకనప్పుడు, ఆడుకునేటప్పుడు, అన్నం దగ్గర, ఒక్కొక్కటి ఒక నిమిషం చాలు. కొత్త గదిలో పిల్లలు ఇంట్లోలా ఉండరు.) ఆటిజమేనని, లెవెల్ 2 అని మా ఇద్దరి మొహాలూ చూస్తూ చెప్పారు. అంటే తగినంత ఎక్కువ సాయమే కావాలి, ఆ అంకె రాతలా ఉండిపోదు, సాయం అవసరాన్ని బట్టి మారొచ్చు అన్నారు.

భాష సంగతి అడిగాను. "మీకు కోపమొచ్చినా, ముద్దొచ్చినా నోట్లోంచి ఏ భాష వస్తుందో అందులోనే మాట్లాడండి. రెండు భాషల ఇళ్ళలో పెరిగినందువల్ల ఆటిజం పిల్లలకి మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఇంటికి రాగానే ముందు అత్తయ్యగారికి చెప్పాను.

థెరపీ సెంటర్లు నాలుగు చూశాం. ఆరు నెలల్లో మామూలు పిల్లని చేస్తామన్న చోటు నుంచి వెంటనే లేచొచ్చాం. కీలేషన్ (ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని ఇచ్చే మందులు) అని, స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స అని మాట ఎత్తినవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. కీలేషన్‌తో ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. ఇంకో చోట పిల్లాడి గడ్డం పట్టుకుని "ఇటు చూడు, ఇటు చూడు" అంటూ మొహం తిప్పుతున్నారు, వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు, తల్లి అద్దం బయట నిలబడి ఉంది. తలుపు మూసేసి తల్లినో తండ్రినో లోపలికి రానివ్వని చోట నా బిడ్డని వదలనని అప్పుడే అనుకున్నాను. వారానికి రెండు మూడు గంటలు వాళ్ళ దగ్గరుంటుంది, మిగతా కాలమంతా మన దగ్గరే కదా. తల్లిదండ్రులు పిల్లతో ఆడుకుంటున్న వీడియోని థెరపిస్టుతో కలిసి చూసుకుని నేర్చుకునే పద్ధతి మీద 152 మంది పిల్లలతో పెద్ద పరిశోధన జరిగింది, 2010లో ఫలితాలు వచ్చాయి. అందులో తల్లిదండ్రులు పిల్లల సైగలకి స్పందించే తీరు బాగా మెరుగుపడింది. మాకు దొరికిన స్పీచ్ థెరపిస్టు కూడా నన్ను పక్కన కూర్చోబెట్టుకునే చేస్తుంది. పాప వెంట వెళ్ళమంటుంది, తను చూస్తున్నదాని గురించే చిన్న మాట చెప్పి అయిదు అంకెలు లెక్కపెట్టి ఆగమంటుంది. ఆగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. రిపోర్టు చేతికొచ్చేదాకా వెయిటింగ్ లిస్టులో పేరు రాయించకుండా ఉండకండి. మాట ఆలస్యమైతే స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి ఆ ఆలస్యం చాలు, ఆటిజం అన్న పేరు అక్కర్లేదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

కావలసింది మాటతో కాకుండా బొమ్మ ఇచ్చి అడిగే బొమ్మల కార్డులు మొదలుపెడితే ఇక మాట్లాడదేమోనని మా ఆయన భయపడ్డారు. అది అపోహ. కార్డుల వల్ల మాట ఆగిపోదు, కొందరికి అదే దారి చూపిస్తుంది. గీసిన బొమ్మలు పాపకి అర్థం కాలేదని మా ఇంట్లో వస్తువులకే ఫోటోలు తీసి, అట్టకి అంటించి, నేనే ఇరవై కార్డులు చేశాను. థెరపిస్టు వాటిని చూసి తన దగ్గరికి వచ్చే మిగతా అమ్మలకి చూపిస్తానని అడిగి తీసుకుంది. ఆవేళ నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. మంచి తల్లినో కాదో ఆ గదిలో ఆవిడ తేల్చేసింది కదా, ఇది ఆవిడకి నా జవాబు.

నిన్న సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. అత్తయ్యగారు హాల్లోంచి ఒకటే కేక, "అమ్మాయ్, ఇది నన్నడిగిందే! నన్ను!" అని. పరిగెత్తుకెళ్ళాను. పాప సబ్బు బుడగల కార్డు తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టిందట, పెట్టి మొహంలోకి చూసిందట. ఆవిడకి సీసా మూత తియ్యడం రాలేదు, చేతులు వణుకుతున్నాయి. నేను తీసి ఇచ్చాను. సీసా ఖాళీ అయ్యేదాకా ఊదుతూనే ఉన్నారు.