ఇంటర్వెల్ గంట కొట్టాక

మన రోజుల్లో ఇంటర్వెల్ గంట వినగానే అందరం గ్రౌండ్‌లోకి పరిగెత్తేవాళ్లం. పరిగెత్తలేనివాళ్లు తరగతిలోనే ఉండిపోయి మన సంచులకు కాపలా కాసేవారు. అది అన్యాయమని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు వైకల్యం ఉన్న పిల్లలూ ఇంటర్వెల్‌లో ఆడుకునేలా బడికి ఏదైనా చేద్దామంటే ముందు వచ్చేది ర్యాంపు మాట. తప్పకుండా కట్టాలి, కానీ కొలత తప్పకూడదు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. స్థలం చాలదని పొడవు తగ్గిస్తే, పిల్లవాడు తనంతట తాను ఎక్కలేడు, వెనక తోసే మనిషి కావాల్సిందే. దిగిన చోట ఇసుకో కంకరో ఉంటే చక్రాల కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. అందుకని ఆట జరిగే చోటిదాకా కనీసం మూడడుగుల వెడల్పున గట్టి బాట, చివర కుర్చీ తిరగడానికి అటూ ఇటూ ఐదడుగుల చదును కూడా వేయించాలి.

బాట వేసినా సమయం లేకపోతే ప్రయోజనం లేదు. 20 నిమిషాల విరామంలో మరుగుదొడ్డికి పది, తినడానికి ఏడెనిమిది పోతే ఆటకు మిగిలేదెంత? మరుగుదొడ్డికి ఎక్కువసేపు పట్టే పిల్లల్ని గంటకు ముందే పంపాలి. స్పీచ్ థెరపీ గానీ, రాయకుండా మిగిలిన నోట్సు గానీ ఇంటర్వెల్‌లో పెట్టకూడదు. అల్లరి చేశాడని ఆట మాన్పించడమూ తప్పే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది. కుదురులేని పిల్లవాణ్ణి ఇంకో ఇరవై నిమిషాలు కూర్చోబెడితే తర్వాతి పీరియడ్‌లో కుదురు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఆటలు. చూపులేని పిల్లల కోసం లోపల గంటలున్న బంతి కొంటారు. అది లేకపోతే మామూలు బంతిని గలగలమనే ప్లాస్టిక్ కవర్లో ముడివేసినా సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, బంతి ఆగితే చప్పుడూ ఆగుతుంది. అప్పుడు జట్టులో ఒకరు బంతి పక్కన నేల తట్టాలని ముందే నియమం పెట్టుకోవాలి. ఇలాంటి గంటల బంతితోనే ఆడే గోల్‌బాల్ అనే ఆట 1946లో, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం పుట్టింది. అందులో ఆట సాగుతున్నంతసేపు చూసేవాళ్లు నోరు మెదపకూడదు. ఇంటర్వెల్ గోలలో అంత నిశ్శబ్దం కుదరదు కనుక ఈ ఆటకు గ్రౌండ్ నడుమ కాదు, గోడవారగా గచ్చు నేల ఇవ్వాలి. గడ్డి మీద చప్పుడు అణిగిపోతుంది.

వినపడని పిల్లలకు విజిల్‌తో పాటు రంగు జెండా ఊపితే చాలు. ఆటిజం ఉన్న పిల్లలకు గంట ఉలికిపాటు, ఆ తర్వాతి గందరగోళం ఇంకా కష్టం. తినడం, మరుగుదొడ్డి, ఆట, వరుస అని నాలుగు బొమ్మల కార్డు చేతికివ్వాలి. ఇంటర్వెల్ ముగియడానికి ఐదు నిమిషాల ముందు ఒకసారి, ఒక నిమిషం ముందు ఇంకోసారి గుర్తుచేయాలి. నిశ్శబ్దంగా కూర్చునే మూల ఒకటి ఉండాలి, అక్కడికి ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లనివ్వాలి. ఆ మూలను ఒక్కసారి శిక్షకు వాడినా పిల్లలు మళ్లీ అటువైపు రారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది సహాయకుల విషయం. ఆయా పక్కనే అంటిపెట్టుకుని ఉంటే మిగతా పిల్లలు ఆవిడతోనే మాట్లాడతారు, "వీడు ఆడతాడా?" అని ఆవిడనే అడుగుతారు. ఆవిడ ఆట నేర్పి, మొదలుపెట్టించి, పదడుగులు వెనక్కి జరగాలి. మూర్ఛ వచ్చే పిల్లలు ఎత్తైన వాటి మీదికి ఎక్కుతున్నప్పుడు మాత్రం దగ్గరే ఉండాలి. తోడుగా ఆడే పిల్లల్ని వారానికోసారి మార్చాలి, లేకుంటే స్నేహం డ్యూటీ అయిపోతుంది.

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 30వ అధికరణలో బడిలో ఆటలు కూడా ఉన్నాయి. అయినా ఆ పిల్లవాడి కోసం బడి విడిగా రాసే ప్రణాళికలో పరీక్షకు అదనపు సమయం, ముందు బెంచీ రాసి ఊరుకుంటారు. ఇంటర్వెల్‌కు విడిగా ఒక పేరా రాయించండి: ఏ ఆట, ఏ మార్పు, ఎవరి బాధ్యత. రెండు వారాల తర్వాత ఒక టీచరు దూరంగా నిలబడి, ఆ పిల్లవాడు ఎన్ని నిమిషాలు ఇతరులతో ఆడాడో, ఎన్ని నిమిషాలు పక్కన నిలబడి చూశాడో రాసుకోవాలి. చూసిన నిమిషాలే ఎక్కువైతే ముందు మార్చాల్సింది ఆటనే.