పళ్లికరణైలో పుట్టిన పరికరం

ఆఫీసుకు వెళ్లే బస్సు ఈ ఉదయం చెన్నైలోని పళ్లికరణైలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆవరణకు దగ్గరలో ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగిపోయింది. రోజూ దాటిపోయే చోటే అయినా, కొంతకాలంగా ధ్రువ ప్రాంతాల పరిశోధన గురించి చదువుతున్నందువల్ల, ఆ సంస్థ ఇంజనీర్లు రూపొందించిన ఒక పరికరం గురించే దారంతా ఆలోచిస్తూ వెళ్లాను. దాని పేరు ఇండార్క్. వారూ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం వారూ కలిసి 2014 జులైలో దానిని ఆర్కిటిక్‌లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయలో, సుమారు 192 మీటర్ల లోతున్న చోట దించారు. తీసుకువెళ్లిన నౌక నార్వే వారిది.

అడుగున బరువు, పైన నీటిలో తేలే బుంగలు, ఆ రెండింటి నడుమ బిగువుగా నిలిచే తాడు, ఆ తాడు పొడవునా వేర్వేరు లోతుల్లో ఉష్ణోగ్రతనూ, లవణీయతనూ, నీటి ప్రవాహాన్నీ కొలిచే సెన్సర్లు: చెప్పుకుంటే ఇంతే. అయితే దానిని నిలిపిన చోటు చాలా ఆలోచించి ఎంచుకున్నది. అట్లాంటిక్ నుంచి ఉత్తరానికి పారే వెచ్చని ఉప్పునీరూ, హిమానీనదాలు కరిగి దిగే చల్లని మంచినీరూ ఆ పాయలోనే కలుస్తాయి. ఏ సంవత్సరం ఏ నీటిది పైచేయి అయిందో తెలిస్తే ఆర్కిటిక్ వేడెక్కుతున్న తీరులో కొంత అర్థమవుతుంది. 1979 తరువాతి కొలతలను బట్టి, ఆ ప్రాంతం భూగోళపు సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

సాయంత్రం తొమ్మిదో తరగతి చదువుతున్న మేనకోడలికి ఇదంతా చెబితే, “మావయ్యా, ఉపగ్రహాలు ఉన్నాయి కదా, మళ్లీ నీళ్లలో ఇదెందుకు?” అని అడిగింది. మంచి ప్రశ్న. ఉపగ్రహం సముద్రపు మంచు ఎంత మేర పరుచుకుందో చూడగలదు, కానీ వందల అడుగుల లోతున నీరు ఎంత వెచ్చగా ఉందో నేరుగా కొలవలేదు. రేడియో తరంగాలు ఉప్పునీటిలో ఎంతో దూరం పోలేవు కనుక, ఇలా నీటిలో మునిగి ఉండే పరికరం కొలతలన్నింటినీ తనలోనే దాచుకుంటుంది. తిరిగి తీయవలసినప్పుడు నౌక నుంచి ధ్వని సంకేతం పంపితే, అడుగున ఉన్న కొక్కెం విడిపోయి, బరువు అక్కడే ఉండిపోయి, బుంగలు మిగతాదంతా పైకి తెస్తాయి. ఆ తరువాత సమాచారం తీసుకుని, బ్యాటరీలు మార్చి, మళ్లీ దించాలి. ఇది విన్నాక ఆమె కళ్లలో కనిపించిన ఆసక్తి నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి కొలవడంలో ఉన్న విలువ నిజానికి అంటార్కిటికాలోనే రుజువైంది. అక్కడి హాలీ కేంద్రంలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల నుంచి ఓజోన్‌ను కొలుస్తూనే వచ్చారు. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్‌లు ఓజోన్ పొర దారుణంగా పలచబడుతోందని ప్రకటించగలిగారంటే, పోల్చి చూసుకోవడానికి అంతకుముందటి దశాబ్దాల లెక్కలు వారి దగ్గర ఉండబట్టే. మరో రెండేళ్లకే, 1987లో, ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

అదే సంవత్సరం వెలువడిన, అంటార్కిటికాలోని సోవియట్ కేంద్రం వోస్తోక్‌లో తీసిన, పాతకాలపు గాలి బుడగలు దాగి ఉన్న మంచు స్తంభం ఫలితాలు నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తాయి. రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు తొలిచి మంచును పైకి తీసినవారు సోవియట్లు, దానిని విశ్లేషించడంలో ముందున్నవారు ఫ్రెంచివారు, రవాణాకు విమానాలతో సాయపడినవారు అమెరికన్లు. ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న రోజుల్లోనే ఈ మూడు దేశాలవారూ కలిసి, గడిచిన 1,60,000 సంవత్సరాలలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత దాదాపు జంటగా పెరుగుతూ తగ్గుతూ వచ్చాయని చూపించారు. అటువంటిది, 2022లో యుక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత ఆర్కిటిక్ దేశాల వేదిక అయిన ఆర్కిటిక్ మండలి సమావేశాలు కొంతకాలం ఆగిపోయాయి, రష్యాతో కలిసి సాగుతున్న ఎన్నో పరిశోధనలు తెగిపోయాయి. ఆర్కిటిక్ మహాసముద్ర తీరంలో దాదాపు సగం రష్యాదే కనుక, సైబీరియాలో ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల ఎంత కరుగుతోందో బయటివారు తెలుసుకోవడం ఇప్పుడు చాలా కష్టమైంది. దీనిని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే కొలవకుండా వదిలిన శీతాకాలాన్ని వెనక్కు వెళ్లి కొలవడం ఎవరి తరమూ కాదు.

ఈ విషయంలో మన దేశం వేసిన ఒక అడుగు పత్రికల్లో రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం. కాంగ్స్‌ఫ్యోర్డెన్ ఒడ్డునే, న్యూ ఓలెసుండ్ గ్రామంలో, 2008 నుంచి మనకు హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది. (అక్కడి రేడియో టెలిస్కోపుకు ఆటంకం కలగకుండా ఊరంతా వైఫై, బ్లూటూత్ ఆపివేసి ఉంచుతారట.) ఒకప్పుడు మనవారు ప్రధానంగా వేసవిలోనే అక్కడ పనిచేసేవారు. 2023 డిసెంబరులో తొలి శీతాకాల బృందం బయలుదేరింది, అంటే సూర్యుడు నెలల తరబడి ఉదయించని కాలంలో కూడా మన శాస్త్రవేత్తలు అక్కడ ఉండి కొలతలు తీసుకోవడం మొదలైంది. ఇది ఏ ఒక్క బడ్జెట్ కోతకూ బలి కాకూడదు. కొత్త భవనాలకు దొరికినంత సులభంగా బ్యాటరీలకూ, నౌక అద్దెకూ, ఏటా వెళ్లే సాంకేతిక సిబ్బంది జీతాలకూ డబ్బు దొరకాలి. 2032–33లో, దేశాలన్నీ కలిసి ధ్రువ ప్రాంతాలను పరిశోధించే అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరపడానికి సన్నాహాలు సాగుతున్నాయి. అప్పటికి మన బల్లమీద ఉంచడానికి 2014 నుంచి కొనసాగుతూ వచ్చిన కాంగ్స్‌ఫ్యోర్డెన్ లెక్కలు ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.