రెండో నెక్టనెబో రాతి పేటిక

బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు శిల్పాల హాలుకి వెళ్తే జనమంతా రోసెట్టా రాయి చుట్టూ మూగి ఉంటారు. నేను మాత్రం ఫారో, అంటే ప్రాచీన ఈజిప్టు రాజు, రెండో నెక్టనెబో శవపేటిక దగ్గరికి పోతాను. పేటిక అంటున్నాను గానీ, దాదాపు 7 టన్నుల బండ. రాత్రంతా సూర్యుడు పాతాళంలో పడవ మీద సాగే ప్రయాణాన్ని దాని గోడల మీద చెక్కారు. ఒక్కో బొమ్మ బొటనవేలంత, అయినా ముక్కూ మోకాలూ స్పష్టంగా తెలుస్తాయి.

అడుగు భాగంలో చుట్టూ 12 రంధ్రాలుంటాయి. అలెగ్జాండ్రియాలో ఒక మసీదులో దీన్ని చాలాకాలం వజూ చేసుకునే, అంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే, నీళ్ళ తొట్టిగా వాడారు. అవి నీళ్ళు పోయేందుకు తొలిచినవి. నెపోలియన్ మనుషులు అక్కడి నుంచి తీసుకుంటే, 1801లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. చాలామంది అలెగ్జాండర్‌దే అనుకున్నారు. మీదున్న లిపి చదవగలిగేవాళ్ళు అప్పటికి లేరు మరి.

నెక్టనెబోని "చివరి స్వదేశీ ఫారో, పర్షియన్లకి ఓడి పారిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. క్రీ.పూ. 360లో గద్దెనెక్కిన తీరు గొప్పది కాదు, ఒప్పుకుంటాను. రాజైన టియోస్ యుద్ధఖర్చుకి గుళ్ళ మీద పన్నేసి, సైన్యంతో సిరియా వైపు వెళ్తే, ఇక్కడ నెక్టనెబో తండ్రి కొడుకుని రాజుని చేశాడు. టియోస్‌కి సాయంగా వచ్చిన గ్రీకు రాజ్యం స్పార్టా ముసలి రాజు అజెసిలాస్ కూడా నెక్టనెబో వైపే మొగ్గాడు. కానీ ఆ తర్వాత పర్షియా చక్రవర్తి మూడో అర్తజెర్క్సీస్ స్వయంగా దండెత్తి వస్తే తిప్పికొట్టాడు. 343లో మళ్ళీ వచ్చినప్పుడే నిలవలేక మెంఫిస్ నగరం వదిలి దక్షిణానికి వెళ్ళిపోయాడు. పేటిక ఉండిపోయింది.

ఈ మధ్యలో ఆయన కట్టించిన గుళ్ళు చూడండి! నైలు డెల్టాలో బెహ్‌బెయిత్ దగ్గర ఐసిస్ దేవత ఆలయాన్ని మొత్తం గ్రానైట్‌తోనే కట్టడం మొదలుపెట్టాడు. ఆ రాయి అస్వాన్ నుంచి, అంటే దేశం ఆ కొస నుంచి ఈ కొసకి, నైలు మీద రావాలి. ఇప్పుడది కూలిన బండల గుట్ట.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక నల్లటి డేగ విగ్రహం ఉంది. డేగ హోరస్ దేవుడు, దాని కాళ్ళ మధ్య బుల్లి నెక్టనెబో నిలబడి ఉంటాడు. రాజ్యం పోయాక, గ్రీకు టాలెమీ రాజుల ఏలుబడిలో కూడా, డేగ రూపంలో ఆయన్ని కొలిచే పూజారులు ఉండేవాళ్ళు. పారిపోయినవాడికి అలా ఎవరు పూజలు చేస్తారు?