ఎడమ కన్ను అదిరిన మూడు వారాలు

సూదిలో దారం ఎక్కిస్తుండగా మొదటిసారి తెలిసింది. ఎడమ కన్ను కింది రెప్పలో, బయటి చివరన, చర్మం కింద ఏదో సన్నటి పురుగు ఉన్నట్టు టపటపా కొట్టుకుంది. నాలుగైదు సెకన్లకి ఆగింది. దారం ఎక్కించేలోగా మళ్ళీ మొదలు.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా మా వీధిలో తెలుగే ఎక్కువ వినబడుతుంది. ముందుగదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. పాతపట్నం నుంచి కూడా వచ్చి ఇచ్చి వెళ్తారు. అప్పుడు మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. రాత్రి ఒంటిగంట దాకా మిషన్ మీదే ఉండేదాన్ని, మళ్ళీ అయిదింటికి లేవాలి.

అత్తకి చెబితే మొహం వెలిగిపోయింది. "ఎడం కన్నేనా? ఆడదానికి ఎడం కన్ను అదిరితే మంచిదేనే. ఏదో కబురొస్తాది సూడు." ఒడియాలో కన్ను గెంతుతోందని అంటారు. నా కంటికి ఆ మాటే సరిగ్గా సరిపోయింది. నేనూ వారం రోజులు శుభవార్త కోసం చూశాను, అబద్ధమెందుకు. వచ్చిన కబురల్లా ఒకటే: ముప్పై జాకెట్ల ఆర్డరు రెండు రోజులు ముందే కావాలట!

రెండో వారానికి టెన్షన్ పట్టుకుంది. అద్దంలో చూస్తే రెప్ప అంచు కాస్త వణికినట్టుండేది, అంతే. మా ఆయన్ని చూడమంటే "నాకేం కనబడట్లేదే" అన్నారు. నాకు మాత్రం కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళంతా నా కన్నే చూస్తున్నట్టుండేది. ఇంతలో తెలిసినావిడ ఒకావిడ "పక్షవాతం ఇలాగే మొదలవుతుందట" అని చెప్పి వెళ్ళింది. ఇలాంటివి చెప్పేవాళ్ళు ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు. నాకు ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు కన్ను ఇంకా ఎక్కువ కొట్టుకుంది.

మూడో వారంలో కంటి డాక్టరు దగ్గరికెళ్ళాను. నుదురు పైకెత్తమన్నారు, కళ్ళు గట్టిగా మూయమన్నారు, బుగ్గలు ఉబ్బించమన్నారు, పళ్ళు కనబడేలా నవ్వమన్నారు. రెండు వైపులా సమానంగానే ఉంది. దీన్ని మయోకీమియా అంటారట. కంటి చుట్టూ రింగులా ఒక కండరం ఉంటుంది, అందులో కొన్ని పోగులు వాటంతటవే అదురుతాయి. నిద్ర చాలకపోవడం, ఆందోళన, టీ కాఫీలు, కన్ను అలసిపోవడం, పొడిబారడం దాన్ని రెచ్చగొడతాయి. పక్షవాతమైతే మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం ఉన్నట్టుండి వస్తాయి, అది వేరే సంగతి అన్నారు. అయితే అదురు ఇంకా కొన్ని వారాలు తగ్గకపోయినా, కన్ను పూర్తిగా మూసుకుపోతున్నా, బుగ్గకో మూతికో పాకినా, రెప్ప వాలినా, కన్ను ఎర్రబడినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

"రోజుకి టీలు ఎన్ని?" అనడిగారు.

"మూడండీ" అన్నాను.

ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది. గ్లాసు నోట పెట్టిన ప్రతిసారీ కటింగ్ బల్ల అంచున సుద్దతో గీత గీశాను. రాత్రికి చూస్తే ఎనిమిది గీతలు! ఫ్లాస్కు పక్కనే ఉండడంతో అరగ్లాసు, అరగ్లాసు వంచుకోవడం నేను లెక్కేసుకోలేదు.

మర్నాడే మొత్తం మానేశాను, మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. అలా ఒక్కసారిగా మానకూడదని అప్పుడు తెలిసింది. రోజుకొకటి చొప్పున తగ్గించి మూడు దగ్గర ఆపాను, సాయంత్రం అయిదు దాటితే లేదు. నల్ల గుడ్డ మీద నల్ల దారం పని పగటికి మార్చాను. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లయినా రెప్ప వేస్తాం. కుట్టు మీద చూపు నిలిపితే రెప్ప వేయడమే మరిచిపోతాం, కన్ను ఎండిపోతుంది. కాబట్టి బాబిన్ అయిపోయినప్పుడల్లా తలెత్తి ఎదురింటి జామచెట్టుని కాసేపు చూసేదాన్ని. డాక్టరు రాసిన కన్నీటి చుక్కలు వేసుకున్నాను. రాత్రి గోరువెచ్చటి తడిగుడ్డ మూసిన కళ్ళ మీద ఉంచేదాన్ని. అన్నిటికంటే కష్టమైంది పదకొండింటికి మిషన్ ఆపడం. రెండు ఆర్డర్లు వదులుకున్నాను, ఒకావిడ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. వాట్సాప్‌లో ఎవరో మెగ్నీషియం మాత్రలు వేసుకోమన్నారు గానీ డాక్టరు అక్కర్లేదన్నారు.

ఏ రోజు ఆగిందో మాత్రం చెప్పలేను. ఒకరోజు అత్త "కన్ను ఇంకా అదురుతోందేటే?" అనడిగితే అప్పుడు గుర్తొచ్చింది, నాలుగైదు రోజులుగా ఆ ఊసే లేదని.

శ్రావణంలో మళ్ళీ రెండు రోజులు కొట్టుకుంది. ఈసారి అద్దం తీయలేదు, సుద్ద తీశాను. ఆరు గీతలు. ఫ్లాస్కు పట్టుకెళ్ళి అత్త గదిలో పెట్టేశాను.