ఖాళీ పడవ

పొద్దున్న ఆరింటికల్లా ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నాం, నేనూ నా ముగ్గురు శిష్యులూ. శిష్యులని నేననుకోవడమే, ఆడపిల్లలిద్దరూ అంకుల్ అంటారు, జాలరిపేట కుర్రాడొక్కడే మాస్టారూ అంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, మర పడవలన్నీ కట్టేసి ఉంటాయి, బొమ్మలేసుకునేవాళ్లకి ఏడాది మొత్తంలో ఇదే పండగ. ఒకపక్క రంగులేస్తున్నారు, ఒకపక్క వలలు బాగుచేసుకుంటున్నారు. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

ఏడు గంటలు కాకముందే ఉక్కపోత. చేతి చెమటకి కాగితం ముడత పడిపోతుంది, అందుకని అరచేతి కింద మడతపెట్టిన కర్చీఫ్ పెట్టుకోమంటాను. ఇన్నాళ్లలో నేను చెప్పినవాటిలో ముగ్గురూ నిజంగా పాటిస్తున్నది అదొక్కటే!

టీ తాగుతూ చిత్రకారుడు దామెర్ల రామారావు కథ మొదలెట్టాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించడం, ఆయన బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదవడం, 1925లో మశూచితో పోవడం. ఎన్నేళ్లండీ అప్పటికి, అందో పిల్ల. 27 అన్నాను. మా అన్నయ్య వయసే అని ఊరుకుంది. కథ చెప్పాక నేనే కూల్డ్రే దొరనైపోయినట్టు ఒక ఊపొచ్చింది, తప్పంతా అక్కడే జరిగింది.

కుర్రాడి బొమ్మలో పడవ నీళ్లమీద మరీ పైకి తేలిపోతోంది, కాగితం పడవలా. అడక్కుండానే పెన్సిల్ లాక్కుని, పడవ పొట్టకి అడ్డంగా ఆ 6బితో, అంటే బాగా నల్లగా పడే మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా ఒక గీత గీసి, నీళ్లు ఇక్కడిదాకా రావాలిరా, బరువుండాలి కదా అన్నాను. వాడు ఒకసారి పడవకేసి, ఒకసారి నాకేసి చూసి మెల్లిగా అన్నాడు: "ఖాళీ పడవ మాస్టారూ. ఐసు లేదు, డీజిలు లేదు, పైకే తేల్తాది."

తలెత్తి చూస్తే, నిజమే. నేను చూసింది పడవని కాదు, నా బుర్రలో ఉన్న పడవని. మా డ్రాయింగ్ మాస్టారు ఏనాడూ నా కాగితం మీద చెయ్యి పెట్టలేదు, పక్కన తన చిత్తుకాగితం మీద గీసి చూపించి పోయేవారు. ఎందుకో ఇన్నేళ్లకి తెలిసింది.

సారీరా అన్నాను. రబ్బరుతో ఎంత రుద్దినా గీత పోలేదు. వాడు మాత్రం దాని కింద సన్నగా చుక్కలు పెట్టుకుంటూ వెళ్లి నాచుపట్టిన చార చేసేశాడు, లోడున్నప్పుడు నీళ్లు అక్కడిదాకానే వస్తాయట.

ఇంటికొచ్చి నా స్కెచ్ బుక్ తీశాను. పోయిన మే నెలలో హార్బర్‌లో వేసిన పడవలు పదకొండున్నాయి. అన్నీ నిండు లోడుతో మునిగే ఉన్నాయి.