బోరు నీళ్లూ, నాయన రికార్డులూ

ఈ ఆదివారం వేరే పనేదీ పెట్టుకోకుండా నాయన ఎల్పీలన్నీ, అంటే ప్లేయర్ మీద తిప్పే పెద్ద పాటల రికార్డులన్నీ, దించి కడిగాను. మాది తిరుచానూరు రోడ్డు వైపు, బోరు నీళ్లే దిక్కు, బకెట్టుకు తెల్లగా పొర కడతాయి. వాటితో కడిగితే దుమ్ము పోతుంది, నిజమే, కానీ ఆరాక ఆ ఉప్పంతా రికార్డు గాడిలోనే ఉండిపోతుంది, ప్లేయర్ ముల్లు తగిలినప్పుడల్లా చిటపటే. అందుకని బ్యాటరీల షాపుకు పోయి డిస్టిల్డ్ వాటర్ క్యాను తెచ్చా. "ఇన్వర్టర్‌కా అన్నా?" అన్నాడు షాపతను. అవునన్నా. రికార్డులకంటే మళ్లీ అదో పెద్ద కథ.

ఒక్కో వైపు ఉండేది ఒకే గాడి, బయటి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది, 20 నిమిషాల వైపును సాగదీస్తే 400 మీటర్ల పైనే వస్తుంది. అందుకే అడ్డంగా రుద్దకూడదు, గాడి తిరిగే దారినే బ్రష్ కూడా తిరగాలి. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు చాలు, ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, లేకుంటే సబ్బు కూడా ఉప్పులాగే మిగిలిపోతుంది. మధ్యలో లేబుల్ కాగితం తడవకుండా చూసుకోవడమే అసలు టెన్షన్.

అన్నిటికంటే ఎక్కువ టైం తీసుకున్నది ఎంఎస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, 1963లో వచ్చిన రికార్డు. మా ఇంట్లో ప్లేయర్ దేవుడి గూటి పక్కనే ఉండేది, ఏళ్ల తరబడి అగరబత్తి పొగ పట్టి పైన పల్చగా జిడ్డు, వేలు పెడితే అంటుకుంటోంది. మొదటి వైపు తుడిచేసరికి గుడ్డ డికాక్షన్ రంగుకు తిరిగింది. రికార్డు నల్లగా మెరిసింది గానీ మధ్యలో ముల్లు ఎగిరే చోట ఇప్పటికీ ఎగురుతోంది. గీత పడ్డాక ఎంత కడిగినా అంతే.

"గిన్నెలు తోమేదానికి రాదు గానీ వీటికి మాత్రం స్నానాలా? ఎండలో పెట్టరా, తొందరగా ఆరిపోతాయి" అంది అమ్మ. మన ఎండకు వినైల్, అదే ఎల్పీల ప్లాస్టిక్, అప్పడంలా వంకర తిరుగుతుందంటే నమ్మదు. ఫ్యాన్ కిందా వద్దు, కడిగిన దుమ్మే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. చివరికి ప్లేట్ల స్టాండులో నిలబెట్టి తలుపు మూశా.

తాత కాలం నాటి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు, అడుగున ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే కరిగిపోతాయి. ఎల్పీల మీద జిడ్డు వదలడానికి నీళ్లలో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపేవాళ్లుంటారు, ఆ సీసా వీటి దరిదాపుల్లో కూడా ఉండకూడదు. వాటి ముల్లు కూడా వేరు, లావుగా ఉంటుంది. వేలకు వేలు పోసి కొనే క్లీనింగ్ మెషీన్ల మీద మాత్రం నాకు ఆశ లేదు, నీళ్లు మంచివైతే సగం పని అయినట్టే.

ఇక లోపలి కవర్లు కొత్తవి ఆర్డర్ పెట్టాలి, పాతవి పొడి రాలుతున్నాయి. రికార్డులు పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టాలంటే అల్మారాలో అమ్మ ఊరగాయ జాడీలు జరపాలి. ఆ మాట ఇంకా ఎత్తలేదు.