జాఫ్నా రైల్లో ఓట్ల లెక్క

చెన్నై నుంచి శ్రీలంకలోని జాఫ్నా విమానాశ్రయం పలాలికి విమానంలో గంటన్నర కూడా పట్టదు, కానీ ఆ టికెట్టు డబ్బులు పెడితే నేను రైల్లో ఢిల్లీ వెళ్లి నాలుగు రోజులు తిని తిరిగి రాగలను. పైగా మోకాళ్లు ముందు సీటుకి ఆనుకునే చిన్న ఏటీఆర్ విమానం. ఆ విసుగుతోనే దిగాను. జాఫ్నా గురించి రాయడానికేం లేదు, నల్లూరు గుడి, కోట, లైబ్రరీ అందరూ చూసేవే నేనూ చూశాను. రాయాలనిపించింది దక్షిణానికి వెళ్లే రైలెక్కాక.

2025 మే నెలాఖరు. స్థానిక ఎన్నికలు మే 6న అయిపోయాయి, ఊళ్లో ఎవరి నోట విన్నా ఇంకా అవే కబుర్లు. నా ఎదురు సీట్లో ఒక రిటైర్డ్ మాస్టరు, ఆయన భార్య. వవునియాలో ఉన్న కూతురి దగ్గరకి వెళ్తున్నారు. మాది నగరి పక్క కాబట్టి నాకు అరవం వచ్చు, కాకపోతే జాఫ్నా వాళ్ల అరవం చెవికి పట్టడానికి కాస్త టైం పట్టింది. ఆవిడ మూట విప్పి పిట్టు, వంకాయ కూర నా చేతిలో పెట్టేసింది. "కొబ్బరి తక్కువేశా, ఏమనుకోకు తంబి, కాయ రెండొందలు దాటిపోయింది" అంది. మన డబ్బుల్లో అరవై దగ్గర. ఇంటి పెరట్లో చెట్లున్న దేశంలో కొబ్బరికాయ ధర చెప్పి అతిథికి సర్దిచెప్పుకోవాల్సి రావడం నాకు వింతగా ఉంది.

ఆనైఇరవు దగ్గర రైలు నీళ్ల మధ్యలోంచి పోతుంటే ఆవిడ కిటికీలోంచి ఉప్పు మళ్లు చూపించి నవ్వింది. "అదిగో ఉప్పు. నేను నిన్న ఒక్క ప్యాకెట్ కోసం మూడు కొట్లు తిరిగా." మార్చిలోనే అక్కడి ఉప్పు ఫ్యాక్టరీని ప్రభుత్వం అట్టహాసంగా మళ్లీ తెరిచింది, ప్యాకెట్ మీద 'రజ లుణు' అని సింహళ పేరు పెట్టారని అదో గొడవ. ఊరి పేరు పెట్టి ఉంటే ఏం పోయేదో అని మాస్టరు గొణిగాడు.

అక్కడినుంచి మాట ఓట్ల మీదకి మళ్లింది. మాస్టరుది సూటి లెక్క, 2004 నుంచి తమిళ పార్టీ తమిళ అరసు కట్చి వాళ్ల ఇంటి గుర్తు తప్ప ఇంకోటి ముట్టలేదు. ఆవిడది మాత్రం ఎనిమిది నెలల్లో మూడు ఓట్లు, మూడు గుర్తులు. 2024 సెప్టెంబరులో అధ్యక్ష ఎన్నికలప్పుడు శంఖం గుర్తు మీద నిలబడ్డ తమిళ ఉమ్మడి అభ్యర్థి అరియనేత్తిరన్‌కి వేసింది. ఆయన గెలవడని తెలుసు, కానీ మేమూ ఉన్నామని లెక్కలో పడాలి కదా అంది. నవంబరులో పార్లమెంటు ఎన్నికలకి అప్పటికే అధ్యక్షుడైపోయిన అనురా కుమార దిసనాయకే దిక్సూచి గుర్తుకి వేసింది. "మన ఎంపీలు ఒకరినొకరు తిట్టుకోవడంతోనే సరిపోయింది, ఈయన్నొకసారి చూద్దాం అనుకున్నా." మేలో మళ్లీ మొగుడి ఇంటి గుర్తుకే వచ్చేసింది. ఇదంతా మొగుడి ఎదురుగానే, దాపరికం లేకుండా చెప్పింది. మా ఊళ్లో అయితే పార్టీ మారిన మనిషి ఆర్నెల్లు టీ కొట్టు వైపు రాడు.

జాఫ్నా జిల్లా మొత్తం దాదాపు ఆవిడలాగే నడిచింది. సెప్టెంబరులో అనురాకి అక్కడ పడింది 27 వేల ఓట్లు, నూటికి ఏడు. నవంబరుకల్లా ఆయన కూటమికి 80 వేలు దాటాయి, ఆరు సీట్లలో మూడు, సింహళ దక్షిణాది పార్టీ ఆ జిల్లాలో మొదటి స్థానంలో నిలవడం అదే తొలిసారి. మేలో జాఫ్నా నగర సభలో మళ్లీ ఇల్లే ముందు.

మధ్యలో ఏమైందంటే, మార్చి 28న ప్రభుత్వం ఉత్తరాది భూముల మీద ఒక గెజిట్ ఇచ్చింది, హక్కులు చూపించకపోతే భూమి ప్రభుత్వానిది అన్న అర్థం వచ్చేలా. దాదాపు ఆరు వేల ఎకరాలు. ఆవిడ పుట్టింటి స్థలం పలాలి దగ్గర సైన్యం కంచె లోపల ఉంది. ఏప్రిల్‌లో ఆ దారిలో రోడ్డు ముప్పై ఏళ్ల పైన మూసి ఉంచాక తెరిచారు, కానీ బండి ఆపకూడదన్నారు, నడవకూడదన్నారు.

"అనురా మీద కోపమా అమ్మా?" అనడిగాను.

"కోపమెందుకు? దొంగ కాడు. దొంగ కానంత మాత్రాన నా భూమి తిరిగొస్తుందా?"

2029లో ఏం చేస్తారన్నాను. అప్పటికి కొబ్బరికాయ ఎంతుంటుందో చెప్పు, నేనూ చెప్తా అంది.

మన దగ్గర 175కి 151 తెచ్చుకున్న పార్టీ 11కి పడడానికి అయిదేళ్లు పట్టింది. ఇక్కడ పార్లమెంటులో 225కి 159 సీట్లు వచ్చిన ఆర్నెల్లకే అనురా కూటమి వాళ్లు దేశం మొత్తం మీద 61 శాతం ఓట్ల నుంచి 43కి దిగారు. అలాగని ఓడిపోయారా అంటే లేదు, 339 స్థానిక సభల్లో ఎక్కువ చోట్ల మొదటి స్థానం వాళ్లదే. అందుకే ఇది ఎదురుగాలి అనాలో ఏమనాలో నాకు తేలలేదు.

నేను దిగింది తంబుత్తేగమలో. అనురా పెరిగిన ఊరు, అనురాధపుర జిల్లా, ఇక్కడైనా జనం ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారనుకున్నాను. అసలు వచ్చింది మాత్రం కుడాగమ చూద్దామని. అక్కడ అహికుంటకులుంటారు, తరాలుగా తెలుగు మాట్లాడే సంచార జాతి, పాములు ఆడించడం, జోస్యం వాళ్ల పాత వృత్తులు. ఒక ముసలాయనతో కూర్చుంటే ఆయన తెలుగు నాకు సగం, నాది ఆయనకి సగం అర్థమైంది, మిగతాది ఆయన మనవడు ఇంగ్లీషులో పూరించాడు. సెప్టెంబరులో వేశాడు, నవంబరులో వేశాడు. మేలో?

"పోలేదు."

ఎందుకంటే ఏమీ చెప్పడు. పనుంది అన్నాడు. అనురా మంచోడే అన్నాడు. జాఫ్నాలో ఓటు గుర్తు మార్చుకుంటే ఇక్కడ ఇంట్లో కూర్చుంది. దిక్సూచికి సెప్టెంబరులో 56 లక్షలు, నవంబరులో 68 లక్షలు, మేలో 45 లక్షలు పడ్డాయి, పోలింగేమో మొదట 79 శాతం, ఆఖరికి అరవై చిల్లర. ఆ పోయిన లక్షలన్నీ ఎదుటి పార్టీలకి పోలేదని ఈయన్ని చూశాక అర్థమైంది.

జనవరిలో కరెంటు చార్జీలు తగ్గించారు కదా అని కదిపాను. మళ్లీ పెంచుతారంట అన్నాడు. కరెంటు మాట రాగానే మనవడికి ఫిబ్రవరి 9 గుర్తొచ్చింది, దేశమంతా చీకటైన రోజు. పానదుర సబ్‌స్టేషన్‌లో కోతి దూరిందని మంత్రి చెప్పాడు. ముసలాయన ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు, అంతసేపట్లో మొదటిసారి గొంతు పెంచాడు. "మా నాయన కోతుల్ని ఆడించాడు. ఒక్క కోతికి దేశం ఆర్పేంత పనితనముంటే మేమీ పూరి గుడిసెలో ఎందుకుంటాం?"

బయట త్రీవీలర్ వాడు హారన్ కొడుతున్నాడు. స్టేషన్‌కి తిరిగి దింపడానికి 1,500 అన్నాడు, ఆగినందుకు ఇంకో అయిదొందలు. బేరమాడితే పెట్రోలు ధర చూపించి, ఆయన్ని గెలిపించిందీ మేమే అంటూ నవ్వాడు. రెండు వేలూ ఇచ్చాను.